కొండ దిగేటప్పుడు పోయిన బ్రేకు తెల్లారేసరికి ఎలా వచ్చింది?

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు రాశారు. వయసు 34, బ్యాంకులో ఉద్యోగం. భర్త బెంగళూరులో పనిచేస్తూ నెలకు రెండుసార్లు ఇంటికొస్తారు. ఇంట్లో అత్తమామలు, రెండేళ్ల బాబు. మామగారు 2009లో కొన్న చిన్న పెట్రోలు కారు ఉంది. ముందు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ములు, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. ఆ కారంటే ఆయనకు ప్రాణం. పదిహేనేళ్లు నిండినప్పుడు ఫిట్‌నెస్ చేయించి, రిజిస్ట్రేషన్ కూడా పొడిగించుకున్నారు.

పోయిన నెల భర్త లేనప్పుడు ఐదుగురు సామానుతో తిరుమల వెళ్లి సాయంత్రం దిగుతున్నారు. సగం దారి దాటాక కాలుతున్న వాసన వచ్చింది. ఇంకొన్ని మలుపులు దిగేసరికి బ్రేక్ పెడల్ మెత్తబడి నేలకు అంటింది. మామగారు గబగబా నాలుగుసార్లు తొక్కి, హ్యాండ్ బ్రేక్ లాగి, గోడ పక్కన ఆపగలిగారు. గంటసేపు ఆగితే బ్రేకు మళ్లీ పడింది. మర్నాడు ఆయనకు ఇరవై ఏళ్లుగా తెలిసిన మెకానిక్ చూసి, "బ్రేకులు బాగుండాయి మా, ప్యాడ్లు ఆరు నెల్ల కింద నేనే వేస్తి. పెద్దాయన కాలు జారింటాది" అన్నాడు. ఆ మాటకు మామగారు కుంగిపోయారు. "అబ్బాయికి చెప్పొద్దు మా, బండి తాళాలు లాక్కుంటాడు" అని కోడల్ని బతిమాలారు. ఆమె ఎవరికీ చెప్పకుండా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళితే డిస్కులు, ప్యాడ్లు, డ్రమ్ములు, షూలు, మాస్టర్ సిలిండర్ అన్నీ మార్చాలని 27 వేలకు ఎస్టిమేట్ ఇచ్చారు. వచ్చే నెల బాబుకు తిరుమలలో పుట్టువెంట్రుకలు, బంధువులు వస్తున్నారు. "ఎవరి మాట నమ్మాలి? వీడియోలు చూసి నేనే మార్చుకోవచ్చా? మా ఆయనకు చెప్పాలా వద్దా? అసలు ఈ బండి అమ్మేస్తే పోతుందా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

*

ముందుగా ఒక మాట మీ మామగారికి చేరాలి. ఆయన కాలు జారలేదు. మీరు రాసిన వివరాలు, అంటే వాసన, పెడల్ మెత్తబడటం, నేలకు దిగటం, చల్లారాక తిరిగి రావటం, ఇవన్నీ ఇదే వరుసలో వచ్చాయంటే బ్రేక్ ఆయిల్ మరిగిందని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. మెకానిక్ అబద్ధం చెప్పాడని కూడా నేననను. మర్నాడు ఉదయం అతను తొక్కి చూసినప్పుడు బ్రేకు నిజంగానే బాగుంది. ఈ లోపానికి ఉన్న గుణమే అది. చల్లారితే జాడ మిగలదు.

మీరు పెడల్ తొక్కినప్పుడు ఆ బలాన్ని చక్రాల దాకా మోసుకెళ్లేది గొట్టాల్లో ఉన్న ఆయిల్. పెడల్ దగ్గరున్న మాస్టర్ సిలిండర్ దాన్ని నెడుతుంది. ముందు చక్రాల్లో క్యాలిపర్ అనే పట్టుకారు ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది, వెనక చక్రాల్లో షూలు డ్రమ్ము లోపలి గోడకు ఒరుసుకుంటాయి. ద్రవం నొక్కితే కుదించుకుపోదు కాబట్టే బ్రేకు గట్టిగా పడుతుంది. కానీ ఈ ఆయిల్, ఉప్పు డబ్బా మూత తీసి పెడితే చెమ్మ పట్టినట్టు, రబ్బరు గొట్టాల గుండా, ఆయిల్ నిలవుండే డబ్బా (రిజర్వాయర్) మూత గుండా గాలిలోని తేమను కొంచెం కొంచెంగా పీల్చుకుంటూ ఉంటుంది. బ్రేక్ ఆయిల్ రకాలకు డాట్ 3, డాట్ 4 అని పేర్లు. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. అందులోకి 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. హద్దు దాటితే క్యాలిపర్ దగ్గర ఆయిల్‌లోని నీరు ఆవిరవుతుంది. ఆవిరి నొక్కితే కుదించుకుపోతుంది. మీ కాలి బలమంతా ఆ బుడగలను నొక్కడానికే ఖర్చయిపోతుంది, ప్యాడ్లు డిస్కును పట్టుకోవు. చల్లారితే ఆవిరి తిరిగి నీరై ఆయిల్‌లో కలిసిపోతుంది. మళ్లీ వేడెక్కినప్పుడు అదే జరుగుతుంది.

ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి. ఈ బండికి ఎప్పుడైనా పూర్తిగా మార్చారా అనే ప్రస్తావన మీ ఉత్తరంలో లేదు, "తగ్గితే పోస్తాడు" అని మాత్రం రాశారు. పైన పోసినంత మాత్రాన లాభం లేదు. బ్రేక్ ఆయిల్ ఇంజిన్ ఆయిల్‌లా తిరగదు. క్యాలిపర్లో ఉన్నది అక్కడే ఉండిపోతుంది, వేడి తగిలేదీ అక్కడే.

ఇక కొండ సంగతి. దిగే దారి 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు, వంపులు కురచ. తిరుమలకూ తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. మనుషులు, సామానుతో కలిపి 1,200 కిలోలున్న బండి అంత ఎత్తు దిగినప్పుడు విడుదలయ్యే శక్తి ఎంతో లెక్క వేస్తే, 60 కిలోమీటర్ల వేగం నుంచి దాదాపు 50 సార్లు పూర్తిగా ఆపినంత అవుతుంది. ఆ శక్తి వేడిగా మారి ఎక్కడికో ఒక చోటికి పోవాలి. బండి గేరులో ఉంటే అందులో పెద్ద వాటా ఇంజిన్ తీసుకుంటుంది. న్యూట్రల్‌లో ఉంటే గాలికీ టైర్లకూ పోయే కొద్దిపాటి పోను మిగతాదంతా నాలుగు చక్రాల బ్రేకుల మీద పడుతుంది. మీ మామగారు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించుతారని ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నిజానికి మొదటి వాక్యంలో ఉండాల్సిన విషయం అది.

కార్బ్యురేటర్ ఉన్న రోజుల్లో ఆ అలవాటుకు కొంత అర్థం ఉండేది. 2009 నాటి పెట్రోలు కార్లు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ బళ్లు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే, దిగుడులో ఇంజెక్టర్లు పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో పెడితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు కాలుతూనే ఉంటుంది. అంటే గేరులో దిగితేనే పెట్రోలు మిగులుతుంది. ఆయనతో ఈ మాటతోనే మొదలుపెట్టండి. "అలా నడపొద్దు మామయ్యా" అంటే తప్పు పట్టినట్టు ఉంటుంది. పెట్రోలు లెక్క చెబితే వింటారు. ఇంజిన్ ఆపి దించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు. ఇంజిన్ ఆగితే, కాలి బలాన్ని పెంచే బూస్టర్‌కు వ్యాక్యూమ్ అందదు. ఒకటి రెండు తొక్కుళ్ల తర్వాత పెడల్ రాయిలా బిగిసిపోతుంది.

ఫిట్‌నెస్ వచ్చింది కదా అని మామగారు అంటున్నారన్నారు. ఆ పరీక్ష చదును నేల మీద, చల్లని బ్రేకులతో జరుగుతుంది. అక్కడ మీ బండి నెగ్గడంలో వింత లేదు.

ఆయిల్ మరగడమే కారణమని తేల్చుకునే ముందు మిగతా అనుమానాలు తీర్చుకోవాలి. వాటికి పైసా ఖర్చు లేదు. ఇంటి ముందు ఇంజిన్ ఆన్ చేసి, పెడల్‌ను ఓ మోస్తరు బలంతో తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. అది మెల్లగా కిందికి జారుతూ ఉంటే మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్లు పోయినట్టు, లేదా ఎక్కడో కారుతున్నట్టు. అప్పుడు సర్వీస్ సెంటర్ వాళ్లు మాస్టర్ సిలిండర్ మార్చాలన్నది సరైనదే. మొదటిసారి లోతుగా పోయి, వెంటనే రెండోసారి తొక్కితే పైకి వస్తే, వెనక షూలు డ్రమ్ముకు దూరంగా ఉన్నాయి, లేదా లైన్లో గాలి ఉంది. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే అది ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పడం. మీకు జరిగింది ఇది కాదు, ఎందుకంటే మీ పెడల్ నేలకంటింది. ఊళ్లో పది కిలోమీటర్లు తిరిగొచ్చి నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టి, తాకకుండా, వేడి చూడండి. ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ ప్యాడో షూవో వదలకుండా రాసుకుంటోంది. కాలుతున్న వాసనకు అదీ తోడై ఉండొచ్చు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మొదటిది, పాత మెకానిక్‌తోనే చేయించడం, కానీ పని ఏమిటో మీరు చెప్పి. నేను ఎక్కువగా మొగ్గేది దీనివైపే. అతనికి బండి తెలుసు, మామగారి గౌరవం నిలుస్తుంది, ఖర్చూ తక్కువ. ఇందులో ఉన్న ప్రమాదమల్లా "అంతా బాగుంది" అన్న పాత మాట మీదే నిలబడి సగం పని చేయడం. దానికి విరుగుడు మీరు దగ్గరుండటమే. లైన్లోని గాలిని, పాత ఆయిల్‌ను బయటికి పంపే పనికి (ఎయిర్ తీయడం అంటారు) ఎలాగూ ఇద్దరు కావాలి. ఒకరు చక్రం దగ్గర, ఒకరు పెడల్ మీద. పెడల్ మీద మీరు కూర్చోండి. పని పూర్తయిందో లేదో మీ కాలికే తెలుస్తుంది.

ఆ పని ఎలా సాగాలో చెబుతాను. చదును నేల మీద, జాకీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా స్టాండ్ల మీద బండిని నిలపాలి. హ్యాండ్ బ్రేక్ వదిలేసి మొదట వెనక డ్రమ్ములు తీయాలి. పాత బళ్లలో డ్రమ్ పట్టేసి రాదు. చాలా చిన్న కార్ల డ్రమ్ముల మీద మరలున్న రెండు రంధ్రాలుంటాయి, వాటిలో 8 ఎంఎం బోల్టులు మార్చి మార్చి బిగిస్తే డ్రమ్ దానంతటదే బయటికొస్తుంది. సుత్తితో బాదితే అంచు పగులుతుంది. లోపలి దుమ్మును ఎయిర్ గన్‌తో ఊదనివ్వకండి. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, తడి చేసి తుడవాలి. షూలను తోసే వీల్ సిలిండర్ రెండు చివర్లా ఉన్న రబ్బరు టోపీని కొద్దిగా ఎత్తి చూడమనండి. లోపల తడిగా ఉంటే సిలిండర్ కారుతోంది, రెండు వైపులవీ మార్చాలి. ఆయిల్ తాగిన షూలను పెట్రోలుతో కడిగి మళ్లీ వేసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది, ఒప్పుకోవద్దు. లోపలికి ఇంకిన ఆయిల్ వేడికి మళ్లీ పైకి వస్తుంది. షూ లైనింగ్ ఒకటి రెండు మిల్లీమీటర్లకు వచ్చినా మార్చాల్సిందే, మార్చితే జతలుగా.

ముందు చక్రాల దగ్గర ప్యాడ్లు ఆరు నెలలవే అయినా బయటికి తీయించండి. లోపలి ప్యాడూ బయటి ప్యాడూ ఒకే మందంలో ఉన్నాయా అన్నది చూడాలి. ఒకటి బాగా అరిగి రెండోది అలాగే ఉంటే క్యాలిపర్ జరగాల్సిన పిన్నులు తుప్పుతో పట్టేశాయి. ప్యాడ్లు మార్చేవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఈ పిన్నులనే. తీసి, శుభ్రం చేసి, రబ్బరుకు హాని చేయని బ్రేక్ గ్రీజు పల్చగా రాయాలి. బేరింగులకు వాడే మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను ఇంకా బిగుస్తుంది. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్ల దగ్గరికొస్తే కొత్తవి వేయాలి. డిస్క్ మార్చాలా లేదా అన్నది కంటితో చెప్పేది కాదు. ఎంత మందం దాకా వాడొచ్చో సాధారణంగా డిస్క్ మీదే అచ్చు పోసి ఉంటుంది, కొలిచి చూడాలి.

ముందు చక్రాలకు వెళ్లే రబ్బరు హోసులు 2009 నాటివే అయితే అడగకుండా మార్చేయండి, వెనకవీ అంతే. పైకి బాగున్నా లోపల ఉబ్బి దారి మూసుకుపోతాయి. తొక్కినప్పుడు ఆయిల్ వెళ్తుంది, వదిలినప్పుడు వెనక్కి రాదు, బ్రేకు పట్టుకునే ఉంటుంది. క్యాలిపర్ దగ్గర బిగించే రాగి వాషర్లు కొత్తవే వాడాలి.

ఆ తర్వాత అసలు పని, ఆయిల్ మార్చడం. ఏ రకం వాడాలో రిజర్వాయర్ మూత మీదే ఉంటుంది. డాట్ 3 అని ఉన్న బండిలో డాట్ 4 వేయొచ్చు, ఘాట్ ఎక్కేవాళ్లకు అదే మేలు. డాట్ 5 మాత్రం సిలికాన్ రకం, దీంతో కలపకూడదు. సీల్ తీయని లీటరు సరుకు కొనండి. షెడ్‌లో ఎప్పుడో మూత తీసి పెట్టిన సీసా ఇప్పటికే తేమ తాగి ఉంటుంది. రిజర్వాయర్‌లోని పాతది సిరంజితో తోడేసి కొత్తది నింపాలి. మన కుడి స్టీరింగ్ బళ్లలో మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉండేది వెనక ఎడమ చక్రం కాబట్టి మామూలుగా అక్కడ మొదలుపెడతారు. మీ బండి మాన్యువల్‌లో వేరే వరుస ఉంటే అదే పాటించాలి. చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే చిన్న మరకు (నిపుల్) పారదర్శకమైన ట్యూబు తగిలించి, రెండో కొస సీసాలో కొంచెం ఆయిల్‌లో మునిగేలా పెడతారు. మీరు తొక్కి పట్టుకుంటారు, అతను నిపుల్ వదులు చేస్తాడు, పెడల్ దిగుతుంది, అతను బిగించాకే మీరు కాలు తీయాలి. తొందరపడి ముందే తీస్తే గాలి లోపలికి పోతుంది. ట్యూబులో నల్లటిది పోయి కొత్త రంగు వచ్చేదాకా, బుడగలు ఆగేదాకా ప్రతి చక్రం దగ్గరా చేయాలి. రిజర్వాయర్ సగం కంటే కిందికి పోనీయకూడదు.

పాత బళ్లకు ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పెడల్ కింద ఓ చెక్కముక్క పెట్టి, నేలదాకా పోకుండా చూడాలి. మాస్టర్ సిలిండర్‌లో సీళ్లు ఏళ్లుగా తిరగని చివరి భాగం తుప్పుపట్టి ఉంటుంది. ఎయిర్ తీస్తూ నేలదాకా తొక్కితే సీళ్లు ఆ తుప్పు మీద రాసుకుని చిరుగుతాయి. "నిన్న ఎయిర్ తీశాం, ఇవాళ మాస్టర్ సిలిండర్ పోయింది" అనే ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఉన్నది ఇదే. మీకు ఘాట్‌లో పెడల్ ఒకసారి నేలకంటింది కాబట్టి, నిమిషం పట్టుకుని చూసే పరీక్ష పని అయ్యాక మళ్లీ చేయండి.

ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి. తీసిన పాతది విషం, కాలువలో పోయనివ్వకండి.

రెండో దారి సర్వీస్ సెంటర్. వాళ్ల ఎస్టిమేట్‌లో మోసం ఉందని నేననలేను. పదహారేళ్ల బండికి అన్నీ మారిస్తే తమకు మాట రాదన్నది వాళ్ల ఆలోచన. మీరు అడగాల్సింది ఒక్కటే: "డిస్క్ మందం ఎంత వచ్చింది, హద్దు ఎంత? డ్రమ్ లోపలి కొలత ఎంత?" అంకెలు చెబితే నమ్మండి, మార్చండి. చెప్పలేకపోతే కొలవకుండా రాసిన చీటీ అది. అన్నీ మార్చినా హోసులు, ఆయిల్ ఆ చీటీలో ఉన్నాయో లేదో చూడండి. మీరు రాసిన పట్టికలో అవి రెండూ కనిపించలేదు. కొత్త డిస్కులతో పాత ఆయిల్ ఉంటే అదే మలుపులో అదే జరుగుతుంది.

మూడోది మీరే చేసుకోవడం. ప్యాడ్లు మార్చడం జాగ్రత్తగల మనిషి నేర్చుకోగల పనే. కానీ మీ బండికి కావలసింది ప్యాడ్లు కాదు. పదహారేళ్ల నిపుల్ విప్పబోతే విరిగిపోవచ్చు, విరిగితే బండి అక్కడే ఉండిపోతుంది. లైన్లో గాలి మిగిలితే తెలిసేది రోడ్డు మీద. మొదటిసారి ఒంటరిగా చేయకండి. ఈసారి పెడల్ మీద కూర్చుని చూడండి, ప్యాడ్లు మార్చే వంతు వచ్చినప్పుడు పక్కన అనుభవస్థుణ్ని ఉంచుకుని మీరే మార్చండి.

పని అయ్యాక వెంటనే కొండ ఎక్కకూడదు. ప్యాడ్లో షూలో కొత్తవి వేసి ఉంటే, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు చూసుకుని 50 కిలోమీటర్ల వేగం నుంచి 15 దాకా, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పది సార్లు తగ్గించి, మధ్యలో చల్లారనివ్వాలి. వారం రోజులు ఊళ్లో తిప్పి, రిజర్వాయర్ మట్టం తగ్గలేదని, చక్రాల వేడి సమంగా ఉందని చూశాక ఘాట్ సంగతి ఆలోచించండి. భాకరాపేట ఘాట్‌కైనా, పలమనేరు దారిలోని మొగిలి ఘాట్‌కైనా ఇదే వర్తిస్తుంది. దిగేటప్పుడు రెండో గేరు. వంపు మరీ కురచైతే దానికి ముందే మొదటిది. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, గట్టిగా తొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదిలేయాలి. తిరుమల నుంచి దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నియమం ఉండనే ఉంది, తొందరపడి సాధించేదేమీ లేదు. వాసన వస్తే ఆగి, అరగంట పైన చల్లారనివ్వండి. కాలుతున్న డిస్కు మీద నీళ్లు పోస్తే వంకర పోవచ్చు.

మీ ఆయనకు చెప్పాలా? మామగారికిచ్చిన మాట మీకు భారమవుతోందని ఉత్తరమంతా తెలుస్తోంది. చెప్పకపోతే ఆయన మరుసటిసారి వచ్చినప్పుడు ఏమీ తెలియక అదే బండిలో మిమ్మల్నందరినీ ఎక్కించుకుని కొండకు వెళ్లొచ్చు. ఆ ఒక్క కారణం చాలు, ఇది దాచే విషయం కాదు. అయితే ఎప్పుడు, ఎలా అన్నది మీ చేతిలో ఉంది. ఇవాళే ఫోన్‌లో "బ్రేకు పోయింది" అంటే ఆయన భయంలో తాళాలు లాక్కోవచ్చు, మామగారు మిమ్మల్ని మళ్లీ నమ్మకపోవచ్చు. దానికంటే ముందు మామగారి దగ్గర కూర్చోండి. కాలు జారలేదని, ఆయిల్ మరిగిందని, అంత కంగారులోనూ పదేపదే తొక్కి హ్యాండ్ బ్రేక్ వాడి బండిని గోడ పక్కన నిలిపింది ఆయన అనుభవమేనని చెప్పండి. ఆ తర్వాత "అబ్బాయికి మీరే చెప్పండి మామయ్యా, ఈ ఆదివారంలోగా. లేకపోతే నేను చెప్పాల్సి వస్తుంది" అనండి. కారణం తెలిసి, పని మొదలుపెట్టి చెప్పే మాట వేరు. ఆయన ఒప్పుకోకపోయినా గడువు మాత్రం దాటనివ్వకండి. ఈలోపు బండి కొండెక్కకూడదన్నది బేరం లేని షరతు.

పుట్టువెంట్రుకల రోజుకు పని పూర్తయి, వారం తిరిగి చూసుకుని ఉంటే కారులోనే వెళ్లండి, కానీ నలుగురే, సామాను తగ్గించి. మిగతావాళ్లు ఆర్టీసీ బస్సులో రావచ్చు. పని పూర్తి కాకపోతే అందరూ బస్సులోనే. ముహూర్తం కోసం బ్రేకు పనిని తొందర పెట్టొద్దు.

అమ్మే విషయం చివరికి మిగిలింది. ఇప్పుడు అమ్మితే ఈ లోపం కొన్నవాళ్లతో పాటు వెళుతుంది, వాళ్లూ ఏదో ఒక రోజు అదే కొండ దిగుతారు. కాబట్టి అమ్మినా ఉంచుకున్నా ఆయిల్, హోసుల పని ముందు చేయించాలి. డ్రమ్ములు, డిస్కులు కొలిపించాక మాస్టర్ సిలిండర్‌తో సహా నిజంగానే అన్నీ పోయాయని తేలితే, అండర్ బాడీలో ఇనుప బ్రేకు గొట్టాలు కూడా తుప్పు తిని ఉంటే, అప్పుడు 27 వేలు పెట్టడమా అమ్మడమా అని ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి. నాలుగు చక్రాలూ విప్పి చూసిన రోజు సాయంత్రానికే ఆ సంగతి మీకు తెలిసిపోతుంది.